దీపం దించకుండా దిగకండి

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పటమటలో ఓ బళ్ళో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే అక్కడికక్కడే దులిపేసేదాన్ని. ఇప్పుడూ నమ్మను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

రిటైరయ్యాక మావారూ నేనూ మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కి వెళ్ళాం. ఓడ రేవులో ఆగినప్పుడల్లా దగ్గర్లో వైన్ తయారుచేసే చోటికి తీసుకెళ్ళేవారు. మేమిద్దరం తాగం. అయితే మావారిది గవర్నర్‌పేటలో హార్డ్‌వేర్ షాపు. ఏ వస్తువు చూసినా అదెలా తయారవుతుందో తేలేదాకా ఆయనకు కాలు నిలవదు.

మూడో రేవు ఒక దీవి. అక్కడ పాతకాలపు చిన్న వైనరీకి వెళ్ళాం. ద్రాక్ష కోతల రోజులు, కింద తొట్లలో రసం పులుస్తోంది. గైడు అందరికీ గ్లాసులు సర్దుతుంటే, మావారు పక్కన తెరిచి ఉన్న తలుపులోంచి నేలమాళిగ మెట్లు దిగడం మొదలుపెట్టారు. వెనకాలే నేను. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుందని, అది అడుగున చేరి మనిషిని చప్పుడు లేకుండా చంపేస్తుందని ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో! ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు.

నాలుగు మెట్లు దిగి ఆయన ఆగిపోయారు. వెనక్కి తిరిగి, "దీపం దించడమంటే ఏంటి?" అని అడిగారు.

నా గుండె ఝల్లుమంది. ఉయ్యూరు పక్కన మా నాన్న చెరకు పండించేవారు. పాత బావిలో పూడిక తీయడానికి ఎవరు దిగబోయినా, ముందు తాడుకి లాంతరు కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిందా, ఇక ఎవర్నీ దిగనిచ్చేవారు కాదు.

మావారి చెయ్యి పట్టుకుని పైకి లాగేశాను. గైడు పరుగెత్తుకొచ్చాడు. ఆ తలుపు మూసి ఉండాల్సిందట. అక్కడి పనివాళ్ళలో ఒక ముసలాయన కర్రకి కొవ్వొత్తి కట్టి మెట్ల కిందికి చాచాడు. ఏడో మెట్టు దగ్గర ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి చాచితే మళ్ళీ అక్కడే ఆరింది.

తిరిగి ఓడకి వెళ్ళే బస్సులో, ఆ మాట ఎక్కడ విన్నారని నిలదీశాను. మావారు పుట్టి పెరిగింది టౌన్లోనే, బావి పూడిక తీయడం ఆయన చూడనేలేదు. ఆ లాంతరు సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. మత్తు అనుకుందామన్నా, ఆయన గ్లాసే ముట్టరు. మా గుంపులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. గ్యాస్ వల్ల భ్రమ అనుకుందామన్నా, తెలియని సంగతి భ్రమలోకి ఎలా వస్తుంది?

వెనకనుంచి ఎవరో పెద్దాయన నెమ్మదిగా చెప్పారట. మెట్ల మీద మావారి వెనక ఉన్నది నేనొక్కదాన్నే. నాకేమీ వినపడలేదు.

పొల్లుపోకుండా చెప్పమన్నాను.

"దీపం దించకుండా దిగకండి, అల్లుడుగారూ... అన్నారు."

మా నాన్న నా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయారు.

గ్యాస్ సంగతి అడగండి, బోర్డు మీద రాసి చూపిస్తాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకిప్పటికీ తెలీదు. నమ్మను అన్నాను, నమ్మను. కానీ ఆ రోజు బస్సులో, నాన్న తన అల్లుణ్ణి చూసుకున్నారని వెక్కివెక్కి ఏడ్చాను.