నా కారును డబ్బా అన్నవాడు

ఛత్రినాకలో మా గల్లీ చివరిదాకా వచ్చే కారు నాదొక్కటే ఉండేది. అందులో నా గొప్పతనమేమీ లేదు. పురోహితం చేసుకునే ఎదురింటి పంతులు అరుగే కారణం. గల్లీ మధ్యలో అది రెండడుగులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కట్టేటప్పుడే వద్దన్నాను. బల్దియాకు, అంటే మునిసిపాలిటీకి, అర్జీ పెట్టాను. మొదటి అర్జీకి జవాబు లేదు. రెండోదానికి ఒక ఉద్యోగి వచ్చి, అదే అరుగు మీద కూర్చుని, పంతులింటి మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి ముఖం నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి పంతులుతో మాటలు మానేశాను. చెప్పుకోవలసిందేమైనా ఉంటే మా ఆవిడ పంతులమ్మతో చెప్పేది, పంతులమ్మ ఆయనతో చెప్పేది.

నా చిన్న కారు మాత్రం ఆ అరుగు పక్కనుంచి, రెండు వైపులా బెత్తెడు జాగా మిగుల్చుకుని దూరిపోయేది. రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడవాలి. మలుపు తిరిగేటప్పుడు, ఎటు తిరుగుతున్నామో చూపడానికి, పక్కనుంచి ఒక చిన్న ఎర్ర చెయ్యి బయటికి లేచేది. కుడివైపుది లేచేది కాదు గనుక నా చెయ్యే చాపేవాడిని. చలికాలం పొద్దున హ్యాండిల్ వేసి తిప్పితేగాని కదిలేది కాదు. అయినా అది నన్ను ఎన్నడూ దారిలో దింపలేదు. కోర్టుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వస్తున్న ఆ రోజుల్లో నా చదువు పాతబడింది. కుర్ర వకీళ్ళు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. నన్ను చూసి నవ్వనిది ఆ కారొక్కటే.

వేగం దానికి లేదు. ఒప్పుకుంటాను. షాలిబండ దగ్గర ఒకసారి సైకిలు మీద పోతున్న మనిషి నన్ను దాటి, వెనక్కి తిరిగి సలాం చేశాడు. అతని కోటు రంగు కూడా చెప్పగలను. కాని కారు మార్చుకోవాలన్న ఆలోచన నాకు ఆ సలాంతో రాలేదు, పంతులు అన్న ఒక మాటతో వచ్చింది.

పంతులు కోడలు తల్లి లేని పిల్ల. అందుకని మొదటి కాన్పు అత్తగారింట్లోనే పెట్టుకున్నారు. కొడుకు జిల్లాలో ఎక్కడో బడిపంతులు, సెలవులకు వచ్చేవాడు. ఒకరోజు పొద్దున పదింటికి ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయని పంతులమ్మ పరుగున వచ్చి మా ఆవిడతో చెప్పింది. నేను కోర్టు మానుకుని కారు తీసి, వాళ్ళ గుమ్మం ముందు నిలిపాను. మూసీ ఒడ్డున ఉన్న ప్రసూతి ఆసుపత్రికి తీసుకుపోయాను. బిడ్డ దక్కలేదు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమని డాక్టరమ్మ అన్నది. సాయంత్రం గల్లీలో నలుగురి ముందు పంతులు అన్నాడు:

"గా డబ్బా కార్ల ఎక్కిస్తే ఇంకేమైతది? నడిచిపోయినా ముందు చేరేటోళ్ళం."

డబ్బా. ఆ మాట విన్నాను. రెండేళ్ళు మోశాను.

ఆ రెండేళ్ళ తరవాత ఒక ఆదివారం ఒక దలాల్ మా ఇంటికొచ్చాడు. పాత కార్లు అమ్మించి, కొనిపించి కమీషను తీసుకునే మనిషి. జాగీర్లు పోయిన పెద్ద ఇళ్ళనుంచి కార్లు బయటికొస్తున్న కాలం. తలకు నూనె, చెవిలో అత్తరు దూది.

"వకీల్ సాబ్, ఒక జాగీర్దార్ ఇంట్ల అమెరికా గాడీ ఉన్నది. గాడీ నహీ, హవా హై! మీ చిన్న బండి ఇచ్చెయ్యిర్రి, అది తీస్కోర్రి. బరాబర్ కా సౌదా."

"పైన ఏమియ్యాలె?"

"కుఛ్ నహీ."

నాకు అక్కడే అనుమానం పుట్టింది. గుర్రాన్నిచ్చి మేకను తీసుకుపోయేవాడెవడైనా ఉంటాడా? ఎందుకని అడిగితే, పెట్రోలు పోయలేకపోతున్నారని, ఇంట్లోవాళ్ళకు చిన్న బండి చాలునని చెప్పాడు. నమ్మేలా ఉంది. నమ్మేలా ఉన్న కారణాలు చెప్పేవాళ్ళను కోర్టులో చాలామందిని చూశాను.

మర్నాడు వెళ్ళి కారు చూశాను. నల్లగా, పొడుగ్గా, పడవంత ఉంది. చాపలెత్తి చూశాను. ఎక్కడైనా మునిగిన బండేమోనని సీట్ల కింద వాసన చూశాను. గోటితో రంగు గీకాను. టైర్లు ఒక్కొక్కటే తట్టి చూశాను. ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరకకపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. కాని ఇంజను తిప్పగానే వచ్చిన ఆ మెత్తని చప్పుడు విన్నాక, పంతులు అరుగు ముందు ఆ కారు దిగుతున్న నన్ను నేనే చూసుకున్నాను. ఇక డబ్బా అనేవాడెవడు?

ఇంటికొచ్చి తాడుతో గల్లీ కొలిచాను. అంతకుముందే ఆ కారు వెడల్పుకు తాడుకు ముడి వేసి ఉంచాను. అంతటా పట్టింది, అరుగు దగ్గర తప్ప. అక్కడ మూరెడు తక్కువ. తాడు పట్టుకుని వంగి ఉన్న నన్ను పంతులు తన గుమ్మంలోంచి చూశాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నాతో మాట్లాడాడు.

"వకీల్ సాబ్, ఎంత తక్కువున్నది?"

"మూరెడు."

"అయితే పగలగొట్టిస్త. గా పెద్ద బండి రానియ్యి."

తాడు చేతిలోనే ఉండిపోయింది. రెండు అర్జీలకు, ఒక ఉద్యోగికి, ఎనిమిదేళ్ళ మౌనానికి లొంగని మనిషి అడగకుండానే అరుగు పగలగొడతానంటున్నాడు! లోపలికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

"మంచిగనే ఉన్నది గదా. మీకు కావాల్సింది అదేనాయె."

"అందుకే అనుమానం. నాకు కావాల్సింది ఆయన ఎందుకిస్తడు?"

"మీకు అందరి మీద అనుమానమే. అన్నం మంచిగైనా అనుమానమే."

అది నిజం కాదు. అన్నం విషయంలో ఒక్కసారే అడిగాను, అదీ కారణం ఉండి.

రెండు రోజుల తరవాత కోర్టు నుంచి తొందరగా వచ్చాను. చప్పుడు వినపడకుండా కారు గల్లీ మొదట్లోనే ఆపి, దిగి నడిచాను. అనుకున్నట్టే అయింది. ఆ అరుగు మీదే, బల్దియా మనిషి కూర్చున్నచోటే, దలాల్ కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్కన పంతులు.

"ఏంది పంతులూ, ఇద్దరూ కలిసి నాకు టోపీ పెడుతున్నరా?" అన్నాను. ఈసారి ముందు నేనే పలకరించడం నాకిష్టం లేకపోయినా అనేశాను.

దలాల్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "అరె వకీల్ సాబ్, గుస్సా కాకుర్రి. పంతులే నన్ను ఢూండుకుంటొచ్చిండు. పెద్ద బండి చూపియ్యమన్నడు, మీకు చెప్పొద్దన్నడు. గంతే," అన్నాడు.

నేను పంతులు వైపు చూశాను. ఆయన అరుగు వైపు చూశాడు.

"కోడలికి ఏడో నెల. ఆసుపత్రికి మళ్ళ నిన్నే అడగాలె. నీ చిన్న బండిల మళ్ళ ఎట్ల పంపుత? ఉరికే బండి నీ దగ్గరుంటే… అరుగుదేమున్నది, రాయి."

గుమ్మంలో తలుపు పట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంది. ఆమె ముందు నేనేమనగలను? కాని ఆయన మాటలో ఆ పాత మాట అలాగే ఉంది. చిన్న బండి వల్లనే బిడ్డ పోయిందని ఇంకా అంటూనే ఉన్నాడు. దాన్ని ఒప్పుకుని కారు మార్చుకుంటే, నేరం ఒప్పుకుని సంతకం పెట్టినట్టే.

"సరే. రెండు బండ్లూ నడుపుదాం. ఒకరోజు నాది, ఒకరోజు అది. గల్లీ మొదట్ల నుంచి ఆసుపత్రి గేటుదాక, పొద్దున పదింటికే. నువ్వు పక్కల కూర్చో," అన్నాను.

"గడియారం?"

"నాది నేను తెస్త. నీది నువ్వు తెచ్చుకో."

ఒకరి గడియారం మీద ఒకరికి నమ్మకం లేదని చెప్పనక్కరలేదు.

మొదటిరోజు నా కారు. లాల్ దర్వాజా, షాలిబండ దాటి, చార్మినార్ దగ్గర టాంగాల మధ్య, గాజులు కొనుక్కునే ఆడవాళ్ళ మధ్య, తోపుడు బండ్ల మధ్య నెమ్మదిగా పోయాం. పత్తర్‌గట్టిలో ఒక రిక్షావాడు అడ్డంగా ఆగి మరో రిక్షావాడితో లొల్లి పెట్టుకున్నాడు. మదీనా దగ్గర కొంచెం ఖాళీ దొరికింది. పంతులు తొడ మీద చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నా గడియారంలో ఇరవై ఆరు నిమిషాలు. ఆయనదాంట్లో ఇరవై ఏడు. ఆ ఒక్క నిమిషం గురించి వాదించాను.

రెండోరోజు పెద్ద కారు. దలాల్ నడిపాడు, మేమిద్దరం వెనక. గల్లీ మొదటినుంచి షాలిబండ దాకా నిజంగానే గాలిలా పోయింది. పంతులు నా వైపు చూశాడు, నేను చూడలేదు. చార్మినార్ వచ్చేసరికి గాలి ఆగిపోయింది. అదే టాంగాలు, అవే బండ్లు. నా కారు దూరిన సందుల్లో ఇది దూరలేదు. దలాల్ హారన్ కొట్టీ కొట్టీ, తల బయటపెట్టి ఒక్కొక్కడినీ తిట్టాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఆగాం. ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియారాల్లోనూ.

"రెండు నిమిషాలు. పంతులూ, రెండే," అన్నాను.

ఆ తరవాత చెప్పవలసిన వాక్యం రెండేళ్ళుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎన్నిసార్లు దిద్దుకున్నానో నాకే తెలియదు. నోరు తెరిచాను. ఆయన ముందే అన్నాడు.

"నలభై నిమిషాలు నేనాపిన, వకీల్ సాబ్."

ఆ రోజు కారు గుమ్మం ముందు నిలిచాక, పంతులు పంచాంగం తెరిచి వర్జ్యమన్నాడు. వర్జ్యం దాటేదాకా పిల్ల గడప దాటవద్దన్నాడు. గల్లీ అంతటికీ మంచి వేళలు చెప్పే మనిషి. ఆయన మాట మీద పెళ్ళిళ్ళు జరుగుతాయి, కొత్త దుకాణాలు తెరుచుకుంటాయి. కోడలు లోపల గుంజను పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన గుమ్మంలో నిలబడి గడియారం చూశాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలుసు, నాకు తెలుసు. ఎవరూ అనలేదు. ఆ మాట బయటపడితే ముహూర్తాలకు ఆయన్ని పిలిచేదెవరు, ఆ ఇంటికి ఇక తినడానికేముంటుంది?

"డబ్బా అన్నది అందుకే. ఎవర్నో ఒకర్ని అనాలె గదా. నన్ను నేనెట్ల అనుకోవాలె?" అన్నాడు.

నేను గెలిచాను. ఇలా గెలుస్తానని ఎన్నిసార్లు అనుకున్నానో! కాని చెప్పవలసింది నా వైపూ ఒకటి ఉంది. దాన్ని అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ నలభై నిమిషాలూ నేను కారులో ఇంజను ఆపకుండా కూర్చున్నాను. లోపలినుంచి ఆ పిల్ల మూలుగు వినిపిస్తూనే ఉంది. హారన్ మీద నా చెయ్యి ఉంది. ఒక్కసారి కొట్టి, ఏంది పంతులూ ఈ పిచ్చి, తీసుకురా పిల్లను అనలేకపోయానా? అనవచ్చు. కాని మాటలు మానేసిన మనిషితో ముందు నేనెందుకు మాట్లాడాలని ఊరుకున్నాను. బట్ట తీసి అద్దం తుడిచాను. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాను.

ఆయనతో అదే చెప్పాను.

"ఎందుకు పిలువలే?" అన్నాడు.

"నీతోని మాట్లాడొద్దనుకున్న."

"గంత కోపమా, అరుగు మీద?"

"ఇప్పటికీ ఉన్నది."

దలాల్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "సౌదా ఏమాయె సాబ్?" అన్నాడు.

"వద్దు. తీస్కపో."

పెద్ద కారు మంచిదే. కాని మాకు తగ్గాల్సినవి ఆ రెండు నిమిషాలు కాదు. నలభై నిమిషాలు తగ్గించే కారు ఏ దేశంలోనూ చెయ్యరు. నా కారు గుమ్మం దాకా వస్తుంది, పిలిస్తే వస్తుంది. అది చాలు. దలాల్ గొణుక్కుంటూ మమ్మల్ని అక్కడే దించేసి పోయాడు. దాన్నీ నేను మరిచిపోలేదు. రిక్షాలో తిరిగొచ్చాం.

రిక్షాలో పంతులు అన్నాడు: "అరుగు పగలగొట్టాల్నా, వద్దా?"

అవునన్న మాట నాలుక మీదికొచ్చింది. ఎనిమిదేళ్ళ ఫిర్యాదు ఒక్క మాటతో తీరిపోయేది. కాని అది పిల్ల కోసం ఇస్తానన్న రాయి. అలా తీసుకుంటే నా అర్జీకి విలువేముంటుంది?

"ఉండనియ్యి. బల్దియాతోనే తీయిస్త."

"సరే. గట్లనే తీయించు," అన్నాడు. నవ్వాడో లేదో చూడలేదు.

"మరి డబ్బా అన్న మాట?"

"డబ్బానే గదా, వకీల్ సాబ్. మంచి డబ్బా."

ఆ జవాబు నాకిప్పటికీ చాలలేదు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఆ పిల్లే గుమ్మంలోకొచ్చి, గోడ పట్టుకుని, "వకీల్ మామా, బండి తియ్యి," అని గట్టిగా పిలిచింది. నేను కారు తిప్పేలోపే ముందు సీటు మడిచి, తనే వెనకెక్కి కూర్చుంది. పంతులమ్మ ఎక్కింది. పంతులు చెప్పులు కూడా లేకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ వేళ మంచిదో చెడ్డదో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చార్మినార్ దగ్గర నేను కొట్టిన హారన్‌కు టాంగా గుర్రాలు బెదిరాయి.

ఆసుపత్రి ఆవరణలో పంతులూ నేనూ కారులోనే కూర్చున్నాం. నవ్వుతూ బయటికొచ్చే ప్రతి నర్సునూ నేను అనుమానంగానే చూశాను. చెడ్డ వార్త చెప్పేవాళ్ళు కూడా ముందు నవ్వుతారని నాకు తెలుసు. చివరికి ఒకామె వచ్చి ఆడపిల్ల అనీ, తల్లీ బిడ్డా బాగున్నారనీ చెప్పింది. నేను నమ్మలేదు. లోపలికి పోయి తన కళ్ళతో చూసి రమ్మని పంతులును పంపాను. ఆయన పోయాడు, చాలాసేపటికి వచ్చాడు, బాగున్నారన్నాడు.

"ఏడుస్తున్నదా?" అన్నాను.

"మస్తు ఏడుస్తున్నది."

"నువ్వు విన్నవా, నర్సు చెప్పిందా?"

"నేనే విన్న."

అయినా కారు దిగి, నేనూ లోపలికి వెళ్ళాను.