ఆముదం తాగిన పుస్తకాలు

మొన్న కిష్టారెడ్డిపేటల మనుమరాలి కొత్త ఫ్లాటుకు నాతోటి మా పాత రేకుపెట్టె గూడ వచ్చింది. ఆ పిల్ల మూత దీసి ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నదో లేదో, అరచేతులు ఎర్రగైనయ్. "ఏంది నానమ్మా, తుప్పా ఇది?" అన్నది. తుప్పు గాదు, తోలు. యాభై ఏండ్ల సంది ఆముదం ముఖం సూడని తోలు ఎండి పొడైతున్నది. ఆ పాపం నాదే, ఇయ్యాలన్న జెప్పుకోవాలె.

అప్పుడు మేం సంగారెడ్డిల ఉంటుంటిమి. మా ఆయన మిషన్ బడిల ఇంగ్లీషు సారు. శనివారమొస్తే సాలు, ఒక్కపూట బడి గాంగనే పటాన్‌చెరు బస్సెక్కేటోడు. ఫ్యాక్టరీ ఆఫీసరు పిల్లలకు ట్యూషనట! ట్యూషన్ జెప్పొచ్చినోని అంగికి గంత దుమ్మెందుకు, వెంట్రుకలల్ల కాగితం తునకలెందుకు? గంతల ఇంట్ల ఆముదం సీసా తగ్గుడు షురువైంది. నేను రాసుకోను, మా అత్తమ్మేమో కొబ్బరినూనె మనిషి. సీసాకు నూనె ఉన్నకాడికి నల్లదారం గట్టిన. వారం తిరిగేసరికి నూనె దారం కిందికి దిగింది. ఇగ సూడుండ్రి నా కడుపుమంట! ఎవతె తలకు రాస్తున్నడు ఈ మనిషి? కొన్నాళ్లు పటాన్‌చెరు బస్సు దిగే ఆడోళ్ల జడలన్ని సూసుకుంట నిలవడ్డ. అడగొచ్చు గదా అంటరు. అడిగితే అబద్ధం జెప్తడని భయం, నిజం జెప్తడని ఇంకింత భయం.

ఒక ఆదివారం ఆయన సండేస్కూలు పిల్లలకు పాటలు నేర్పనీకి ముందుగాల చర్చికి పోయిండు. అత్తమ్మను పిలిచి, ఆయన రేకుపెట్టె తాళం పలగ్గొట్టిన. జడ లేదు, చీర లేదు. నల్లతోలు, ఎర్రతోలు అట్టలు, కాగితాల అంచులకు బంగారు పూత, నడుమ పట్టు రిబ్బను. ఇరవై దాక పుస్తకాలు, అన్నిట్ల ఆముదం వాసన. నా పానం నిమ్మలమైంది. అత్తమ్మకు పానం పోయినంత పనైంది. మా క్రైస్తవుల ఇండ్లల్ల బంగారు అంచు తోలు పుస్తకమంటే ఒక్కటే, బైబిలు. ఆ యేడే చర్చిల దొరలనాటి ఇంగ్లీషు బైబిలు మాయమై, సంఘమంత ఒకరినొకరు అనుమానంగ సూసుకుంటున్నరు. మా ఇద్దరికీ ఇంగ్లీషు రాదాయె. "నా కొడుకు దేవుని సొమ్ము ముట్టిండే!" అని ఆమె గుండె బాదుకున్నది. కాదత్తా అని నేనన్ననా? అనలే. ఆముదం సంగతి దాచినోడు ఇదెందుకు జెయ్యడు అనుకున్న.

ఆ పొద్దే చర్చిల ఆరాధన నడుమ అత్తమ్మ లేచి, పుస్తకాల మూట తీస్కపోయి ప్రభువు బల్ల ముంగట పెట్టింది. "అయ్యగారూ, నా కొడుకు తప్పు జేసిండు, మాఫ్ జెయ్యుండ్రి" అని ఏడ్సింది. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కటి తెరిసి సూసిండు. "అమ్మా, ఇవి బైబిళ్లు గావు, కవిత్వం" అన్నడు. అందరు మా ఆయన దిక్కు తిరిగిండ్రు. ఆయన లేచి నిలవడి, "పటాన్‌చెరు కాగితం మిల్లుల రద్దీ, చిత్తుకాగితాల కుప్పలల్లకెల్లి ఏరుకున్న అయ్యగారూ. హైదరాబాద్ నవాబుల దేవిడీలకెల్లి లారీలల్ల వస్తయ్, ముద్ద జేసి అట్టలు జేస్తరు. సూసుకుంట ఊకోలేకపోయిన" అన్నడు. ఎన్క ఎవరో కిసుక్కున నవ్విండ్రు. సోమవారానికల్లా బడి పిల్లలు 'రద్దీ సారు' అని పేరు వెట్టిండ్రు. గిట్లయితదనే ఆయన అన్నిరోజులు దాసుకున్నడు.

ఇంటికొస్తుంటె తొవ్వల ఒక్క మాటన్నడు. "నన్ను అడిగితే ఏంబోయేదే?"

మళ్ల శనివారం బస్సెక్కలే, ఆ మళ్ల శనివారం గూడ ఎక్కలే. పోయిన బైబిలు కొన్నాళ్లకు చర్చి బీరువా ఎన్కనే దొరికింది. మా సీసాల ఆముదం మాత్రం దారం కిందికి దిగిన కాడ్నే ఆగింది. పటాన్‌చెరు దిక్కు పోయినప్పుడల్లా మిల్లు లారీలు ఎదురయ్యేటియి. ఒకపారి గోనెసంచుల నడుమ బంగారు అంచు తళుక్కుమన్నది. పోయి తెచ్చుకోరాదుండ్రి అని ఇంటికొచ్చి చెబుదామనుకున్న. తీరా వచ్చినంక చెప్పుడు ఇడ్సి పొయ్యి ముట్టిచ్చిన.

ఇప్పుడు రోజు ఒక పుస్తకం ముంగటేసుకొని, మెత్తటి బట్టతోటి ఆముదం రాస్తున్న. తోలు తాగుతలేదు. అప్పుడు నిమిషం సాలు ఒక్క మాట అడగనీకి, భయానికి అడగలే. ఇప్పుడు దినమంత నాదే, జవాబు జెప్పెటోడే లేడు.