కట్టని కోటకు సీ షిఫ్టు

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోనులో ఒక ప్రకటన చూపించింది. ఇంకా విడుదల కాని ఆన్‌లైన్ ఆట అది. రాక్షసులు, మంత్రగాళ్లు, కత్తులు, అన్నిటినీ మించి కొండల నుంచి కోటల దాకా ఆడేవాళ్లే కట్టుకోగల లోకాలు. చూస్తుండగానే నా నాలుక తనంతట తాను పై వరసలో పన్ను లేని చోటికి వెళ్లి ఆగింది. ఆ పన్ను అచ్చం ఇలాంటి ఆట కోసమే, అదీ ఎన్నడూ రాని ఆట కోసమే, పోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఉక్కు కార్ఖానా ఊళ్లోని పర్సుడీహ్ బజారులో మా మేనత్త కొడుకు ఇంటర్నెట్ షాపు నడిపేవాడు. మా అక్కతో అతని పెళ్లి కుదిరి, ముహూర్తం దగ్గరపడుతున్న రోజులవి. నేను కార్ఖానాలో కాంట్రాక్టు పనివాణ్ని. బడి చదువు పదితో ఆగినా గ్రంథాలయం తలుపు నాకెప్పుడూ మూసుకోలేదు. అక్కడి కంప్యూటరు పత్రికలోనే ఆ ఆట సంగతి చదివి, బావకు మోసుకొచ్చింది నేనే. చలికాలానికి వస్తుందన్నారు, తర్వాత వేసవికన్నారు. ఎదురుచూపు రుచి మన తరానికి చెప్పనక్కర్లేదు. అప్పటి ఇంటర్నెట్‌లో తెర మీద ఒక్క బొమ్మ విచ్చుకునేలోగా వెళ్లి టీ తాగి రావచ్చు.

ఆట రాకముందే షాపు వెనక గోడ మీద సుద్దముక్కతో కోట కట్టేశాం. ఏనుగులు పరుగున వచ్చి తలుపు గుద్దకుండా దారి వంకర తిప్పాలని, గోడ మీంచి కాగే నూనె పోయాలని నేను చదివింది చెబితే, నూనెదేముంది, కరిగిన ఇనుమే పోద్దామని బావ కొలిమి గీసేవాడు. శత్రువు ఎలా కాలుతాడో, కందకంలో శూలాలు ఏ ఎత్తున ఉంటే కడుపులో దిగుతాయో అన్నం తింటూ మాట్లాడుకునేవాళ్లం.

చిక్కంతా ఆ పత్రికలోని ఒక్క వాక్యంతో వచ్చింది. మనం కంప్యూటరు ఆపేసి వెళ్లినా ఆ లోకం ఆగదట, మనం నిద్రపోతుంటే ఎవరైనా వచ్చి కోట తగలబెట్టొచ్చట. ఇంకో ఊరివాళ్లయితే ఏం చేసేవారో గానీ, సైరను కూతకు నిద్రలేచే ఊరు మాది. కోట కాపలాకు ఏ, బీ, సీ షిఫ్టులు వేసేశాం. రాత్రంతా మేలుకోవలసిన సీ షిఫ్టు దగ్గర తగువు మొదలైంది.

"రాజుని నాను. రాజు నైట్ డ్యూటీ సేత్తాడేట్రా?" అన్నాడు బావ.

"కోట గీసింది నాను. నువ్వు కొలిమికాడ బరువులు మోసే ఖలాసీవి," అన్నాను.

బావ పిడికిలి నా మూతి మీద పడింది. నోరంతా ఉప్పగా నెత్తురు, అందులో పన్ను. నేను కీబోర్డు పీకి అతని నుదుటి మీద కొడితే మీటలు జొన్నగింజల్లా చెదిరాయి, కనుబొమ చీలింది. ఇనప స్టూలు లేచింది, మానిటరు కిందపడి పేలింది. పీకలు పట్టుకుని ఆ గోడకే ఒకరినొకరం గుద్దుకుంటుంటే సుద్ద కోట మా నెత్తుటితో తడిసి చెరిగిపోయింది. పక్క షాపులవాళ్లు విడదీసేసరికి ఇద్దరం లేచే స్థితిలో లేము.

ఆసుపత్రిలో రెండు కుటుంబాలూ తగువుకు దిగాయి. ఈ సంబంధం వద్దని మేనత్త అంటే, మాకూ వద్దని మా అమ్మ అంది. అక్క మాత్రం వాళ్లను తోసుకుని వచ్చి, కుట్లు పడుతున్న బావ ఎదుట నిలబడింది.

"నేని కోట కోసం ఉన్న పళ్లు రాలగొట్టుకుంటారేటి? సిగ్గు నేదా?"

బావ పక్క మంచం మీదున్న నా వైపు వాపు లేని ఒంటి కన్ను తిప్పి, "సీ షిఫ్టు నానే సేత్తాన్లేరా, పడుకో," అన్నాడు.

అక్క ఫక్కున నవ్వేసింది. పెళ్లికూతురే నవ్వాక ఇక పెద్దవాళ్ల తగువుకు నిలబడ్డానికి కాళ్లు లేవు. పెళ్లి ఫొటోల్లో బావ కనుబొమ మీద కట్టుంటుంది, నేను నోరు మూసుకుని ఉంటాను.

ఆట మాత్రం రాలేదు. తయారుచేసేవాళ్లే మధ్యలో వదిలేశారని అదే పత్రికలో ఓ మూల చదివాను. బావకు చెప్పడానికి మనసొప్పక కొన్నాళ్లు దాచాను.

ఇప్పుడు మా అమ్మాయి ఊరూ పేరూ తెలియనివాళ్లతో యుద్ధం చేసి, ఒంటి మీద గీత పడకుండా అన్నానికి లేస్తుంది. మంచిదే. నిన్న చూసిన ఆ రాబోయే ఆటలో మనం నిద్రపోతే కోటను ఆటే కాపలా కాస్తుందట. ఆ మాట చెబుదామని బావకు ఫోను చేస్తే, "మరి మన డ్యూటీ ఏటవుతాదిరా?" అన్నాడు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకోవాలన్న మాట మీద నెత్తురు కార్చుకున్నవాళ్లం. ఇప్పుడు ఎవరి నిద్రకూ ఎవరూ మేలుకోనక్కర్లేదు.