కత్తెర వెతికిన ఇల్లు

కుట్టుమిషను కన్నా ఆమె నోరే వేగంగా నడుస్తుందని వీధివాళ్లు ఆమెకు కత్తెర అని పేరు పెట్టారు. మామూలు కత్తెర గుడ్డను కత్తిరిస్తుంది. ఈమె ఎదుటివాడి మాటను పళ్ల దగ్గరే కత్తిరించేది. పని బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం. ఆమె కుట్టిన బొత్తాం ఊడడమన్నది చరిత్రలో లేదు. ఒకసారి ఒక పిల్లాడు గోడ దూకబోయి చొక్కా బొత్తాంతో చెట్టుకొమ్మకు వేలాడిపోయాడట. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి దింపేదాకా హాయిగా నిద్రపోయాడు. బొత్తాం చెక్కు చెదరలేదు, కొమ్మే కాస్త వంగింది.

ఆమె మొగుడు బ్యాండుమేళంలో అందరికన్నా ముందు నిలబడి బాకా ఊదేవాడు. అందరికీ ఆయన బాకా బావ. దుకాణం తెరిచినా, ఆటల పోటీలు మొదలైనా, ఊళ్లో పెద్దమనిషి పోయినా ముందు ఆయన బాకా కదలాలి, వెనక మిగతా మేళం కదలాలి. ఆఖరి స్వరం అందుకున్నాడంటే వినేవాళ్లు బీడీ ముట్టించి, కాల్చి, ఆర్పి, రెండోదానికి అగ్గిపుల్ల వెతుక్కునేదాకా వదిలేవాడు కాదు. అబద్ధమనేవాళ్లు ఉంటారు. వాళ్లు ఆ రోజుల్లో లేనివాళ్లు, పాపం.

అంతటి ఊపిరి ఆ ఇంట్లో పడి చిక్కిపోయింది.

ఇల్లంటే ఇల్లు కాదు, కత్తెర వాళ్లన్న నడిపే పరుపుల దుకాణం వెనక గది. అమ్మా నాన్నా పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచినవాడు అన్న. పెళ్లి చేసి, అద్దె మాట ఎత్తకుండా ఆ గదిలోనే కాపురం పెట్టించాడు. మనిషి బంగారం. గదే మట్టి. దానికి ఉన్నది ఒకే తలుపు, అదీ దుకాణంలోకే తెరుచుకునేది. దుకాణంలో పొద్దుగూకులూ దూది ఏకే యంత్రం తిరిగేది. మంచినీళ్ల గ్లాసులో దూది తేలితే వేలితో తీసేసి తాగేవారు. వెనక గోడ ఏడాది పొడుగునా చెమ్మగిల్లి ఉండేది. ఉప్పు డబ్బాలో ఉప్పు ఉండేది కాదు, ఉప్పునీళ్లుండేవి. గోడకు తగిలించిన చొక్కా నాలుగు రోజులు తీయకపోతే వీపున పచ్చగా మొలిచేది. ఇంకో వారం వదిలేస్తే పూత పూసి కాయ కాసేదేమో, అంతదాకా ఎవరూ ఆగలేదు.

బావకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుకు పక్కింటి కోడి తెల్లారిందనుకుని కూసేది.

అసలు పరువు పోయింది చెప్పుల దుకాణం తెరిచిన రోజున. ఆఖరి స్వరం అందుకున్నాడు, సగంలో తెగింది. మళ్లీ గట్టిగా ఊదాడు. బాకాలోంచి స్వరానికి ముందు దూదిపింజ ఒకటి ఎగిరి వెళ్లి యజమాని మీసం మీద కూర్చుంది. జనం పొట్టలు పట్టుకున్నారు. బ్యాండు మాస్టరు మాత్రం నవ్వలేదు.

"చలికాలం ఆటల పోటీలు వస్తున్నాయి" అన్నాడు. "వాటికి ముందురోజు అందరి ముందూ నీ చేత ఊదిస్తా. ఊపిరి నిలిస్తే ముందు నిలబడు. నిలవకపోతే వెనక్కి పోయి తాళాలు వాయించు."

అన్నేళ్లు ముందు నడిచినవాణ్ణి వెనక తాళాలు కొట్టమనడమంటే పెళ్లికొడుకుని చెప్పులకు కాపలా కూర్చోమన్నట్టే. బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డాక్టరు ఛాతీ విని, మందు రాసి, "ముందు గాలి మార్చవయ్యా" అన్నాడు. బావ తిన్నగా బజారుకెళ్లి టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాడు. అది తిరగగానే గదిలో మూలమూలనా ఏళ్ల తరబడి నిద్రపోతున్న దూదంతా లేచి నాట్యమాడింది. మొగుడూ పెళ్లాం ఒకరికొకరు కనబడలేదు.

"గాలి మార్చమంటే గాలి కదిలించావా, నా రాజా!" అంది కత్తెర మబ్బులోంచి.

ఆ మబ్బులోనే ఆమెకు లెక్క కుదిరింది. మేళం పొరుగూరు పోయిన ప్రతిసారీ మనిషి దగ్గు మరిచి వస్తాడు. ఇంటికొచ్చి రెండు రాత్రులు పడుకోగానే మళ్లీ మొదలు.

"నీ ఛాతీకేం రోగం లేదయ్యా. రోగం ఈ ఇంటికి" అంది. "పద, ఇల్లు చూద్దాం."

"ఊరికే వచ్చిన ఇల్లు వదిలేసి?"

"ఊపిరి కూడా ఊరికే వచ్చిందేగా. అది వదిలేస్తున్నావు కదా!"

ఇళ్లు చూడ్డానికి బావ బాకా చంకన పెట్టుకుని బయల్దేరాడు. ప్రతి గదిలోనూ ఒక స్వరం ఊది చూడాలని ఆయన పంతం. కొందరు వినగానే తలుపులు వేసుకున్నారు. మొదట తెరిచిన ఇల్లు మురుగు కాలవ ఒడ్డున ఉంది. ఇంటాయన మర్యాదస్తుడు. "వాసన పొద్దస్తమానం ఉండదమ్మా, సాయంత్రాలే" అన్నాడు.

"అయితే సాయంత్రాలు మీ ఇంటికొచ్చి కూర్చుంటాం" అంది కత్తెర.

రెండోది పెద్ద మేడ కింది భూగృహం. ఒకప్పుడు సామాను దాచే గిడ్డంగి. నున్నటి నేల, బోడి గోడలు, పైన ఇటుక కమాను. బావ ఒక్క స్వరం ఊదాడు. ఆ స్వరం నాలుగు గోడలకూ కొట్టుకుని, పెరిగి, లావెక్కి, పదిమంది బాకాగాళ్లు కలిసి ఊదినట్టు తిరిగొచ్చింది. బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"విన్నావుటే? ఇంకా నాలో సత్తా ఉంది! ఇల్లంటే ఇదీ! ఇక్కడుంటే పోటీల నాటికి నా ఊపిరి నాకొచ్చేస్తుంది."

ఇంటాయనకు మాట కూడా ఇచ్చేశాడు. వంటింట్లో పప్పుకు తాలింపు పెట్టేవాడైతే వాసన చూసి ఇల్లు ఎంచుకుంటాడు, ఈయన చెవితో ఎంచుకున్నాడు. కత్తెర పైటకు అంటుకున్న దారప్పోగు ఒకటి తీసి, రెండు వేళ్లతో గది మధ్యన పట్టుకుంది. అది చచ్చిన పాములా కదలకుండా నిలువుగా వేలాడింది.

"నువ్వు ఊదింది బయటికి పోయిందా?"

"పోలేదు! ఇక్కడే తిరుగుతోంది, అదేగా గొప్ప!"

"ఊదిందే బయటికి పోనప్పుడు, దగ్గింది ఎటు పోతుందయ్యా? రాత్రి నువ్వు వదిలిన ఊపిరే తెల్లారిందాకా నువ్వే పీల్చుకుంటూ కూర్చుంటావా?"

బావ బాకా సంచిలో పెట్టేశాడు. దారిపొడుగునా మొహం ముడుచుకునే నడిచాడు. పదిమంది బాకాగాళ్లను ఒక్క దారప్పోగు ఓడించడం ఏ మగాడికి నచ్చుతుంది!

మూడో ఇల్లు గుట్ట మీద చిట్టచివరిది. దానికి పోయే మెట్లు ఎన్నో ఎవరికీ తెలియదు. లెక్కపెట్టడం మొదలెట్టిన ప్రతివాడూ సగంలో ఆయాసపడి లెక్క మరిచిపోయాడు. ఆ మెట్ల మీద బావ నాలుగుచోట్ల కూలబడ్డాడు. పైన ఒకే గది. ఎదురెదురుగా రెండు కిటికీలు. నేల పొడిగా, వెచ్చగా ఉంది.

"కిటికీలకు రెక్కల్లేవమ్మా, గాలికి ఊడిపోయాయి" అంది ఇంటావిడ బెరుగ్గా.

"రెక్కలు పోతే పోయాయి, గాలి ఉంది కదండీ" అంది కత్తెర.

బావ ఊదాడు. స్వరం ఒక కిటికీలోంచి అలా జారిపోయింది. గదిలో మిగిలింది పిల్లికూన అరుపంత. ఆయన మొహం పాలిపోయింది. కత్తెర దారప్పోగు తీసింది. అది పట్టుకోబోతే నిలవలేదు, చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయింది.

"ఈ ఇల్లే" అంది.

"ఇక్కడ నా బాకా ఏడుస్తోందే!"

"బాకా ఏడిస్తే ఏడవనీ. నువ్వు దగ్గకుండా ఉంటే చాలు."

కబురు విని అన్న దూది చేతులతోనే గదిలోకి వచ్చాడు.

"బుద్ధుందా చెల్లీ నీకు? ఊపిరాడనివాణ్ణి మెట్ల మీద కాపురం పెట్టిస్తావా? కాళ్లు లేనివాడికి గుర్రం కొనిచ్చినట్టుంది!"

"కాళ్లు లేనివాడికి గుర్రమే కొనివ్వాలి అన్నా. చెప్పులు కొనిస్తారా?"

"నా ఇంట్లో నీకేం తక్కువైంది?"

"నీ ఇంట్లో అన్నీ ఎక్కువే. దూదీ, చెమ్మా, నీ ప్రేమా. నీ మేలు మరిచిపోతే నా నోట్లో పురుగులు పడనీ. కానీ ఆ మేలుకి బదులు ఆయన ఊపిరి ఇమ్మంటే ఇయ్యలేను."

"నెల తిరక్కుండా దిగొస్తావు."

"దిగొస్తా. బట్టలు కొలవడానికి."

కుట్టుమిషను బరువు మనిషి బరువుంటుంది. కూలివాడు సగం మెట్లకే దాన్ని దించి దణ్ణం పెట్టాడు. మిగతా సగం కత్తెరే నెత్తిన పెట్టుకుని ఎక్కింది. కిందినుంచి చూసినవాళ్లకు మిషనే కాళ్లొచ్చి గుట్టెక్కుతున్నట్టు కనబడిందట.

గెలిచేశారనుకోవద్దు. మొదటి వారాల్లో బావ దగ్గు తగ్గలేదు సరికదా పెరిగింది. "మీ అన్న గదిలో కూర్చుని దగ్గేవాణ్ణి. ఇక్కడ ఎక్కుతూ దగ్గుతున్నాను. ఇదీ లాభం!" అని దెప్పేవాడు. అంచు ఊడిన లంగా కోసం గుట్టెక్కేవాళ్లు ఎవరూ లేరు. కత్తెరే పొద్దున్నే మూట కట్టుకుని దిగి, ఇంటింటికీ తిరిగి కొలతలు తీసుకుని, ఎండ దిగాక మళ్లీ ఎక్కేది. వీధిలో ఆడవాళ్లు "ఏమ్మా, మేఘాలకు జేబులు కుడుతున్నావా?" అని నవ్వేవారు. "కుడుతున్నా. మీకూ ఒక జేబు కుట్టనా, నోటికి?" అనేది. నవ్వు ఆగిపోయేది. కానీ రాత్రిళ్లు కాళ్లు లాగేసేవి, నిద్రపట్టేది కాదు. ఒకవేళ అన్న చెప్పిందే నిజమైతే? ఆ భయం మొగుడికి కూడా చెప్పలేదు.

ఒక సాయంత్రం బావ గడపలో కూర్చుని, "పోదాం పదవే కిందికి. తాళాలే కొడతాను, చచ్చిపోతానా?" అన్నాడు.

"నువ్వు పో. నేనూ గాలీ ఇక్కడే ఉంటాం" అంది, సూది మీంచి తల ఎత్తకుండా.

ఆయన పోలేదు.

తర్వాత ఎప్పుడో, ఏ రోజునో తెలియదు, కత్తెర ఆయన మేళం కోటు చేతులు పొట్టిగా కుట్టేసింది. బావ కింద వీధిలోనే కోటు తొడిగి చూసుకుని, ముందు నడుస్తున్న ఆమె మీద తిట్లు మొదలుపెట్టాడు. "ఇది కోటా, బనీనా? ఈ చేతులతో నేను ముందు నిలబడితే జనం నన్ను చూస్తారా, నా మోచేతుల్ని చూస్తారా? బడిపిల్లల కొలతలు తీసీ తీసీ నీ కళ్లు..." అంటూ తిడుతూ తిడుతూ ఎక్కాడు. మొదటి మలుపు దాటినా ఆగలేదు. రెండో మలుపులో ఆమె పుట్టింటి మీదికి పోయాడు. పైకొచ్చేసరికి ఆమె ముత్తాతల వరకు వెళ్లాడు. కత్తెర పై మెట్టు మీద నిలబడి నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

"నవ్వుతావేంటే, తిడుతుంటే?"

"తిట్టయ్యా, ఇంకా తిట్టు. మెట్లన్నీ ఎక్కావు, ఒక్కసారి కూడా కూర్చోలేదు!"

బావ వెనక్కి తిరిగి కిందికి చూశాడు. నోరు తెరిచినవాడు మూయలేదు.

మాస్టరు పరీక్షకు ముందురోజు అన్న వచ్చాడు. గుట్ట ఎక్కి గడపలో నిలబడ్డాడు గానీ మాట రాలేదు. కత్తెర నీళ్లిచ్చింది. తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. చివరికి, "కిటికీ... పెట్టించాను... మీ గదికి" అన్నాడు గర్వంగా.

కత్తెర మనసు కరిగింది. "ఎటువైపు అన్నా?"

"ఇంకెటు? దుకాణంలోకే."

బావ నవ్వు ఆపుకోలేక బాకా అందుకుని కిటికీ దగ్గరకు పోయాడు. రేపటికి సాధన అని చెప్పి ఆఖరి స్వరం అందుకున్నాడు. పొడుగు స్వరం వినేటప్పుడు వినేవాడు తనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. అన్నా బిగబట్టాడు. స్వరం కిటికీ దాటింది, కింది పెంకుల మీద పాకింది, వీధిలో సైకిళ్లు ఆగాయి. అన్న మొహం ఎర్రబడింది. దగ్గు తన్నుకొచ్చింది. గోడ పట్టుకుని వంగి దగ్గాడు, దగ్గుతూనే ఉన్నాడు. స్వరం ఇంకా పోతూనే ఉంది.

కత్తెర అన్న వీపు నిమురుతూ నిలబడింది. ఆ దగ్గు ఆమెకు కొత్త కాదు. ఎన్నో రాత్రులు పక్కన పడుకుని విన్నదే, గొంతే వేరు.

"ఎన్నాళ్లుగా?" అంది.

"మెట్లెక్కాను కదే..."

"ఎక్కి ఎంతసేపైంది? ఇంకా మెట్లంటావేం!"

అన్న తల తిప్పుకున్నాడు.

మర్నాడు మైదానంలో బ్యాండు మాస్టరు ఆఖరి స్వరం విన్నాడు. విని, గడియారం చూసి, గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని, "చాల్లేవయ్యా, అందరం ఇళ్లకు పోవాలి. ముందు నిలబడు. ఆ కోటు చేతులు మాత్రం పొడుగు చేయించుకో" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్నే కత్తెర గుట్ట దిగింది. బట్టల మూట లేదు, భుజాన గునపం ఉంది. తిన్నగా దుకాణంలోకి పోయి, వీధి వైపు గోడ ముందు నిలబడి చీర కుచ్చిళ్లు ఎగదోపింది. అన్న యంత్రం ఆపి పరుగున వచ్చాడు.

"ఒసేయ్, పిచ్చిదానా, ఏం చేస్తున్నావే? అటు కిటికీ పెడితే దూదంతా వీధిలోకి ఎగిరిపోతుంది!"

"ఎగిరిపోనీ అన్నా. నీ ఛాతీలోకి పోయేకన్నా వీధిలోకి పోతే నయం."

"నా దుకాణం! నా గోడ!"

"నా అన్న" అంది కత్తెర, గునపం ఎత్తి.