సూర్యుడు గుడి కట్టిన రోజు

ఇరవయ్యారేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. సిలబస్‌లో లేకపోయినా, సూర్యుడి చుట్టూ ఏర్పడే వలయం బొమ్మ ఏటా బోర్డు మీద గీసేదాన్ని. అసలుదాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. రిటైరయ్యాక, చిలకలూరిపేట అవతల మా అక్క మిర్చి కల్లంలో చూశాను. చూసి ఊరుకుని ఉంటే బాగుండేది.

అక్క ఒక కోత కాయంతా ఆరబోసింది. ఇంకొక్క మంచి ఎండ తగిలితే బస్తాలకెత్తొచ్చు. సాయం చేస్తానని వెళ్ళిన నేను గొడుగు కింద కుర్చీ వేసుకుని తుమ్ముతున్నాను. అదే నా సాయం.

మిట్టమధ్యాహ్నం తలెత్తితే, సూర్యుడి చుట్టూ గాజులా గుండ్రంగా వలయం! లోపలి అంచు లేత ఎరుపు. కేక పెట్టాను. అక్క కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏదే పాము?"

"పాము కాదే, పైన చూడు!"

పక్క కల్లం సాయిబుగారూ వచ్చారు. నలభై ఏళ్ళుగా మిర్చి పండిస్తున్న మనిషి. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "గుడి కట్టాడమ్మా సూర్యుడు. దూరపు గుడి, దగ్గర వాన. రేపు కాయ మీద పట్టాలు తియ్యకండి" అన్నారు.

నేను పాఠం చెప్పి రెండేళ్ళయింది. నోరు ఊరుకుంటుందా?

"వానా లేదు, గీనా లేదండీ. పైన పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయి. వాటి గుండా వెలుగు వంగితే ఇలా కనిపిస్తుంది." చెయ్యి చాచి, బొటనవేలితో సూర్యుణ్ణి మూసి, చిటికెనవేలు వలయానికి ఆనించాను. "చూశారా, జానెడు! ఎప్పుడు కొలిచినా జానెడే. ఇంక దూరపు గుడేంటి, దగ్గర గుడేంటి?"

"మీ జాన సంగతి నాకు తెలీదమ్మా. నేను వాన సంగతి చెబుతున్నా" అని ఆయన వెళ్ళిపోయారు. వాదనలో నేనే గెలిచాను.

సాయంత్రం మంచు పడుతుందని, ఎప్పట్లాగే కాయ రెండు కుప్పలు చేసి పట్టాలు కప్పాం. మర్నాడు పొద్దున ఆకాశం పలచని పాలలా ఉంది. సాయిబుగారు తన పట్టా అంచు మీద ఇంకో రాయి పెడుతున్నారు. అక్క నా మొహంలోకి చూసింది.

"ఏమే, విప్పమంటావా? కప్పి ఉంచితే ఉక్కకి బూజు పడుతుంది. విప్పాక తడిస్తే తెల్లబారి తాలైపోతుంది. ఈ ఏటికి నాకు మిగిలిందల్లా ఈ కాయే."

"విప్పవే. నే చెబుతున్నాగా."

చెప్పి ఇంట్లోకి వెళ్ళి, వలయం ఫొటో పాత విద్యార్థుల గ్రూపులో పెట్టి, వచ్చే శభాష్‌లు చదువుకుంటూ కూర్చున్నాను. పదకొండింటికి రేకుల మీద టపటపమంది.

పరిగెత్తాను. యూనివర్సిటీ ఇచ్చిన పట్టా గుంటూరులో మా ఇంటి గోడకు భద్రంగా వేలాడుతోంది. ఇక్కడి పట్టా నా చేతుల్లోంచి జారి గాలికి ఎగురుతోంది. సాయిబుగారు వచ్చి రెండో కొస పట్టుకుని కప్పేసరికి, పరిచిన కాయంతా తడిసింది.

అప్పుడు చూశాను. రెండో కుప్ప మీద పట్టా పొద్దున్నుంచీ తియ్యనేలేదు.

"సగమే విప్పాను" అంది అక్క, కొంగు పిండుకుంటూ. "సగం నీ మాటకి, సగం ఆయన మాటకి."

తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని.

ఆ పల్చటి మబ్బులు చాలాసార్లు వానకి ముందు నడిచే మబ్బులేనని ఆ మధ్యాహ్నం ఫోన్లో చదివాను. ఆ మంచు పలుకులు అక్కడికెందుకొస్తాయని ఇన్నేళ్ళలో ఒక్క పిల్లా అడగలేదు. నాకూ తోచలేదు.

"నీ సగం నువ్వే ఏరుకో" అంది అక్క. వారం రోజులు కల్లంలో కూర్చుని, తెల్లబారిన తాలు కాయలు ఏరాను. చేతులు మంట, ముక్కు మంట.

ఒకనాడు సాయిబుగారు గట్టు మీద ఆగి, "మేడమ్ గారూ, ఇవాళ ఆకాశం ఏమంటోంది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"దాన్ని కదిలించకండి సాయిబుగారూ, ఇంకా సగం ఉంది నాకు!"