పందివేటకు రెండో తుపాకి

పెద్ద తుపాకి పట్టినవాడల్లా పెద్ద వేటగాడైపోడు. ఈ మాట అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో ఎందరికి చెప్పినా ఒక్కరూ చెవిన పెట్టలేదు. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. వేట గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ పుస్తకాలు, ముళ్ళపొదలు నేర్పిందే. కాలేజీ చదువు లేనివాడి మాటకు విలువెక్కడిది?

నా వేట జోడీ మా వీధి డాక్టరుగారు. ఒకసారి గాయపడ్డ అడవిపంది పొదలోంచి నా మీదికి దూకింది. నా పొడుగు రైఫిల్ తీగల్లో చిక్కుకుపోయింది. ఆయన కాల్చబట్టి బతికాను.

"గురువుగారూ, నడుముకి హ్యాండ్‌గన్ లేకుండా ఇంక మిమ్మల్ని తీసుకెళ్ళను. కొంటే చాలదు, నా కళ్ళముందు గురి చూపించాలి," అన్నారు.

వేట లేని శనివారం నాకు ఉప్పు లేని పప్పు. ఆయన్నీ మా ఆవిణ్ణీ వెంటబెట్టుకుని తుపాకుల దుకాణానికి వెళ్ళాను. వెనకాలే కాల్చి చూసుకునే రేంజ్ ఉంది.

అమ్మేవాడు ముందుగా ఫార్టీఫోర్ మాగ్నమ్ అనే భారీ రివాల్వర్ అందించాడు. ఎలుగుబంటినైనా పడేస్తుందట! పేల్చాను. భుజందాకా అదిరింది, గుండు గురి కాగితాన్ని తాకనైనా లేదు. పందిని కొట్టడానికా, గోడ కూల్చడానికా ఇది? ఒళ్ళు మండింది. తర్వాత నాలుగంగుళాల గొట్టమున్న ఓ మధ్యరకం రివాల్వర్ ఇస్తే అందుకుని పేల్చాను. బరువు కుదిరింది గానీ గుళ్ళన్నీ పక్కకే పోయాయి. డాక్టరుగారు మొహం తిప్పుకున్నారు. నా శనివారం పోయినట్టే అనుకున్నాను.

మా ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "క్యారమ్స్‌లో ఎడంచేత్తో అందర్నీ ఓడిస్తారు కదా! దీన్ని కుడిచేత్తో పట్టుకున్నారేంటండీ?"

"ఒకరు వస్తువిస్తే ఎడంచేత్తో తీసుకుంటామా?"

అది విని డాక్టరుగారు పడీపడీ నవ్వారు. "తీసుకోవడం కుడిచేత్తోనే తీసుకోండి సార్. కాల్చడానికేం అడ్డం?"

ఎడంచేత్తో బలపం పట్టానని బెత్తం విరిగేలా కొట్టిన పంతులి మీద నాకిప్పటికీ కోపమే. అన్నం, రాత, చివరికి రైఫిల్ కూడా కుడికి మారాయి. క్యారమ్స్ బల్ల ఒక్కటే ఆయన కంట పడలేదు.

అదే రివాల్వర్‌ని ఎడంచేతికి మార్చాను. పిడి అరచేతిలో ఒదిగిపోయింది. మొదటి గుండే నల్లచుక్కలో దిగింది. తర్వాతవి దాని చుట్టూనే పడ్డాయి. పైగా కుడిచేతిలో రైఫిల్ ఉండగానే ఎడంచేత్తో దీన్ని లాగొచ్చు. ఏ పుస్తకమూ నాకీ ముక్క చెప్పలేదు!

"ప్యాక్ చేయించండి," అన్నారు డాక్టరుగారు.

శనివారం తెల్లవారకముందే ఆయన కారు హారన్ మోగింది. నేనప్పటికే బూట్లు బిగించుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను.