వీధివైపు తిప్పిన బోర్డు

ఊళ్లో అందరూ ఆమెను కాటా అక్క అంటారు. గని గేటు దగ్గర ఖనిజం లారీలను తూచి చీటీ ఇవ్వడం ఆమె పని. తండ్రి పోయాక కన్నబిడ్డలా పెంచిన అన్నయ్యే, గనివాళ్ల కాళ్లావేళ్లా పడి ఆ కుర్చీ ఇప్పించాడు. అందుకే అన్నయ్య లారీ వెనక చక్రాలు కాటా పలక ఎక్కకపోయినా ఆమె చూసీచూడనట్టు ఊరుకునేది. తూకం తగ్గితే, టన్నుకింత చొప్పున ఊరికి రావాల్సిన వాటా తగ్గుతుందని తెలియక కాదు. ఆయనొక్కడేనా, అందరిదీ అదే దారి. కొండ కరిగిపోయింది, ఊరికి దుమ్ము మిగిలింది.

కొత్తగా వచ్చిన పాలకులు ఆకాశం నుంచి ఊడిపడ్డవాళ్లేమీ కాదు, చేసిన మార్పూ చిన్నదే. గదిలో ఆమె ఒక్కతెకే కనబడే తూకం అంకెను పెద్ద బోర్డెక్కించి వీధివైపు తిప్పారు. పెరిగిన వాటాతో గేటు ఎదురుగా ఆసుపత్రి కట్టారు. అక్కడ వరుసలో కూర్చున్నవాళ్లకు పొద్దుపోక, లారీ కాటా ఎక్కగానే ఆ అంకెను గట్టిగా చదవడం అలవాటైంది.

మరమ్మతుకు నోచక రెండేళ్లుగా మూలపడ్డ అన్నయ్య లారీ, బోర్డు పెట్టాక ఇవాళే మొదటిసారి వచ్చింది. పాత అలవాటు కొద్దీ వెనక చక్రాలు కిందే ఉంచి ఆపాడు. బోర్డు చూసి, కిటికీ దగ్గరికి పరుగున వచ్చాడు.

"దాన్ని కాసేపు ఆపెయ్యి చెల్లీ. కరెంటు పోయిందని చెప్పు."

ఆమె చెయ్యి బోర్డు స్విచ్ మీదే ఉంది.

"బండి ముందుకు జరుపు అన్నయ్యా."

"నాకే చెప్తున్నావా? ఈ కుర్చీ ఎవరి పుణ్యం?"

"నీదే. కాదన్నానా?" అంది. చెయ్యి మాత్రం స్విచ్ నొక్కలేదు.

ఎదుటి వరుసలో ఈసారి ఎవరూ అంకె చదవలేదు. వీళ్లు అన్నాచెల్లెళ్లని అందరికీ తెలుసు. ఆ నిశ్శబ్దం ఆమెకు తిట్లకన్నా ఘోరంగా తోచింది.

వరుస మధ్యలోంచి, జ్వరంతో మూలుగుతున్న పిల్లను భుజాన వేసుకుని వదిన లేచింది. ఆ అంకెను పైకి చదివింది.

"ఏమండీ, నిండు బండి ఇంత తేలికా? వెనక చక్రాలు ఎక్కించండి. మన పిల్లకి మందు ఇక్కడే ఇస్తున్నారు."

అన్నయ్య ముఖం మాడిపోయింది. బండెక్కి ముందుకు జరిపాడు. బోర్డు మీద అంకె పెరిగింది. వరుసంతా ఒక్కసారిగా చదివింది.

చీటీ అందుకుంటూ ఆయన చెల్లెలి ముఖం చూడలేదు.

"పెంచినందుకు మంచి బహుమానమే ఇచ్చావు. ఇక మా గడప తొక్కకు."

ఉన్న ఒక్క పుట్టిల్లూ పోయిందని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. వెనక లారీ హారన్ మోగింది. దాని డ్రైవరు పలక మీద బండి ఆపి, ఎవరూ చెప్పకుండానే కిందికి దిగి, వెనక చక్రాలు ఎక్కాయో లేదో వంగి చూసుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని తూకం తీసింది.